సైకిల్ కాలికి నల్ల దారం

నిజం చెప్పాలంటే ఈ ప్రయాణం సైకిల్ తొక్కడానికి మొదలైంది కాదు, సైకిల్‌ను వదిలించుకోవడానికి మొదలైంది. జగిత్యాల నుంచి కోరుట్ల, కోరుట్ల నుంచి వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్లలోని మా తల్లిగారిల్లు. సైకిల్‌ను తమ్ముడు నరేశ్ చేతిలో పెట్టి, రెండు పూటలు అమ్మ చేతి అన్నం తిని, ఉత్త చేతులతో బస్సెక్కి వెనక్కి రావాలని నా లెక్క. బడిలో నేను చెప్పేది లెక్కలే కానీ సొంత లెక్కలు మాత్రం నాకు ఏనాడూ కుదరవు. ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్ల కోసం బస్సులు, రోడ్లు, తిండి సంగతులు కూడా మధ్యమధ్యలో చెబుతాను. ముందు నా చేతి సంగతి వినండి, అది తెలియకపోతే మిగతాదంతా ఉత్త తిరుగుడులాగే కనిపిస్తుంది.

పోయిన ఏడు వానల్లో స్కూటీ జారి నా కుడి మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు. కట్టు విప్పాక చేతికి వ్యాయామం నేర్పిన డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. చేతిని వాడండి, సైకిల్ తొక్కినా పర్వాలేదు, కానీ వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైతే మాత్రం మానేయండి అంది. బోర్డు మీద రోజంతా రాయాల్సిన చెయ్యి నాది. చాక్‌పీస్ పట్టుకోలేని లెక్కల టీచర్ ఏం పనికొస్తుంది చెప్పండి.

ఇక సైకిల్ మా ఆయన గంగాధర్‌ది. మస్కట్‌లో ఏసీలు బిగించే పని ఆయనది. ఎండాకాలం సెలవు మీద వచ్చినప్పుడు కరీంనగర్‌లో ఎవరో అమ్ముతుంటే కొనుక్కొచ్చాడు. లావు టైర్లు, ముందు షాకులు ఉన్న కొండల సైకిల్. అమ్మినాయనే దగ్గరుండి ఈయన బరువుకు తగ్గట్టు అన్నీ సరిచేసి ఇచ్చాడట. ఉన్నన్ని రోజులూ తెల్లారకముందే దాని మీద తిరిగాడు. పొట్ట తగ్గలేదు కానీ సరదా తీరింది. మళ్లీ పోయే రోజు కారెక్కుతూ నా చెయ్యి పట్టుకుంటే ఏదో మంచి మాట చెబుతాడని చెవులు రిక్కించాను. “సైకిల్ పండవెట్టకు రజితా, నువ్వన్న తొక్కు” అన్నాడు. మొగుడి ప్రేమంటే అదీ.

కొన్న వారానికే మా అత్తమ్మ దాన్ని కొండగట్టు తీసుకెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. కొత్త బండి కొంటే మా వైపు ముందు అంజన్న దగ్గరికే. రెండు ట్రాక్టర్ల మధ్య మా సైకిల్‌ను నిలబెట్టి కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మెరిసే చోటల్లా పసుపు కుంకుమ పూసింది. అంజన్న స్టిక్కర్ ఒకటి కొని ముందు చక్రం పక్కన గొట్టానికి అతికించింది. చివరగా ఒక నల్ల దారం తీసి, ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే రెండు గొట్టాల్లో ఎడమదానికి మూడు ముళ్లు వేసి కట్టింది. పిల్లల కాలికి కడతారు, ఇదీ కాలే కదా, దిష్టి తగలదు అని ఆమె వాదన. కొత్త బండి కదా, మేం ఎవరం కాదనలేదు.

ఆయన పోయాక నిజంగానే తొక్కడం మొదలుపెట్టాను. పొద్దున్నే సారంగాపూర్ రోడ్డు మీద, రెండు వైపులా వరి, పొలాల మీద సన్నటి మంచు, రోడ్డు మీద నేనొక్కదాన్నే. ఆ గంట నాకోసం నేను సంపాదించుకున్న గంట. ఇంట్లో కోడలిని, బడిలో టీచర్ని, ఫోన్లో భార్యని. ఆ గంటలో మాత్రం ఎవరికీ ఏమీ కాను, ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. కానీ నెల తిరక్కుండానే చిటికెన వేలు తిమ్మిరి పట్టింది. తర్వాత పక్క వేలు. కంకర రోడ్డు ఎక్కితే అరగంటకే చెయ్యి నాది కానట్టు అయిపోయేది.

ఆయనకు చెబితే తప్పంతా నా చేతిదే అన్నాడు. “ముంగటి ఫోర్క్ ఎంత గట్టిగున్నదో చూసినవా? ఒత్తితే ఇంచు గూడ దిగది. గసొంటి బండి దొరకది” అని గొప్పగా చెప్పాడు. ముందు చక్రాన్ని పట్టుకున్న ఆ రెండు కాళ్లనే ఫోర్క్ అంటారు, గతుకుల్లో పై గొట్టం కింది గొట్టంలోకి దిగుతూ కుదుపును మింగాలి. దిగకపోవడం మంచిదని ఆయన నమ్మాడు, నేనూ నమ్మాను. ఎడ్లబండికైనా ఆటోకైనా గట్టిగా ఉంటేనే మంచి బండి అంటాం కదా. కాబట్టి బండి మంచిదే, చెయ్యే పనికిరానిది అనుకుని, ఏడుపు మింగి, సైకిల్ తీసుకుపొమ్మని తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు తీరిక లేదన్నాడు, నేనే తెస్తానన్నాను.

జగిత్యాల చుట్టుపక్కల సైకిల్ తొక్కేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. సైకిల్ ఇచ్చేస్తున్నానని అందులో రాస్తే కోరుట్ల సత్యం అన్న ఒక్క ముక్క జవాబిచ్చాడు. ఇచ్చే ముందు ఒక్కసారి ఫోర్క్ నాకు చూపియ్యి, నా దగ్గర దాని పంపు ఉన్నది అని. షార్జాలో చాలా ఏళ్లు ఉండి వచ్చిన మనిషి, ఇప్పుడు కోరుట్లలో నీళ్ల ఫిల్టర్ల దుకాణం పెట్టుకున్నాడు. జగిత్యాల నుంచి సిరిసిల్ల పోవడానికి కోరుట్ల మీదుగా వెళ్లడం అంటే ముక్కు పట్టుకోవడానికి చెయ్యి తల చుట్టూ తిప్పినట్టే. కానీ అత్తమ్మకు వేములవాడ రాజన్న దర్శనం మొక్కు ఉంది, కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి మీదుగా వేములవాడకు బస్సుంది. సరే, చివరిసారి కదా, ఇద్దరం పోదాం అనుకున్నాం.

బయల్దేరింది కార్తీకం మొదట్లో ఒక బుధవారం. సోమవారం మాత్రం ఈ దారి పెట్టుకోకండి, వేములవాడ జనంతో కిటకిటలాడుతుంది. జగిత్యాలలో పొద్దున ఆరున్నర బస్సు పట్టుకున్నాం. ముందు చక్రం ఊడదీస్తే సైకిల్ చివరి సీటు వెనక నిలువుగా పడుతుంది, పొద్దుటి బస్సులో జనం తక్కువ కాబట్టి కండక్టర్ ఏమీ అనడు. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే మాకు జీరో టికెట్. సైకిల్‌కు మాత్రం లగేజీ టికెట్ కొట్టాడు. ఇది కూడా ఆడదే అనుకోరాదూ అని అత్తమ్మ బేరం పెడితే, దాని ఆధార్ చూపియ్యుమను అన్నాడు కండక్టర్. బస్సంతా నవ్వింది. గంటలోపే కోరుట్లలో దిగాం.

సత్యం అన్న దుకాణం బస్టాండు నుంచి నడిచేంత దూరమే. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, ప్రతిదాన్నీ ఫస్ట్ క్లాస్ అంటాడు. మేం తెచ్చిన సైకిల్ ఫస్ట్ క్లాస్, కోరుట్ల నీళ్లు ఫస్ట్ క్లాస్, షార్జాలో ఆయన పడిన కష్టాలు కూడా ఫస్ట్ క్లాస్. ముందుగా హ్యాండిల్ పక్కన ఉన్న మీట చూశాడు. దాన్ని బిగిస్తే ఫోర్క్ కదలకుండా తాళం పడుతుందట. అది తెరిచే ఉంది. తర్వాత మెత్తటి గుడ్డతో గొట్టాల మీద ఎండిపోయిన పసుపు కుంకుమ తుడిచాడు. ఆ పొడి కింది గొట్టం మూతిలోకి పోతే లోపలి రబ్బరు అరిగిపోతుందని చెప్పాడు. పూజ అయిపోయింది కాబట్టి అత్తమ్మ ఊరుకుంది. కానీ ఆయన గోరుతో అంజన్న స్టిక్కర్ మూల గీకడం మొదలుపెట్టగానే లేచి నిలబడింది.

“ఏం జేస్తున్నవ్ కొడుకా? అంజన్నను పీకుతవా?”

“అవ్వా, దీని కిందనే లెక్క ఉన్నది. ఏ బరువు మనిషికి ఎంత గాలి కొట్టాల్నో కంపెనోడు రాసి పెట్టిండు.”

“లెక్కలు నా కోడలు జెప్తది, ఆమె లెక్కల టీచరే. అంజన్నను మాత్రం ముట్టకు.”

అప్పటిదాకా నాకూ తెలియదు, ఈ ఫోర్క్‌లో స్ప్రింగు లేదని, ఒక కాలిలో గాలే స్ప్రింగులాగా పనిచేస్తుందని. తొక్కే మనిషి బరువును బట్టి ఆ గాలి ఉండాలి. స్టిక్కర్ పీకకుండా అది తెలుసుకునే దారి ఇంకొకటి ఉందన్నాడు సత్యం అన్న. మనిషి సైకిల్ ఎక్కి నిలబడితే ఫోర్క్ కొంచెం కిందికి దిగాలి. దాన్ని షార్జాలో సాగ్ అనేవాళ్లట, మేం దిగుడు అనుకున్నాం. పై గొట్టం మొత్తం పొడవులో నాలుగో వంతుకు కాస్త తక్కువగా, అంటే దీనికి సుమారు రెండు వేళ్ల మందం దిగితే సరిపోతుంది. ఎంత దిగిందో చూపించడానికి పై గొట్టానికి సన్న రబ్బరు రింగు ఉంటుంది. ఫోర్క్ దిగినప్పుడు కింది గొట్టం ఆ రింగును పైకి తోస్తుంది, మనం దిగిపోయాక రింగు అక్కడే ఆగి గుర్తు చూపిస్తుంది. మా దానికి రింగు లేదు, ఎప్పుడో తెగిపోయినట్టుంది. సత్యం అన్న రబ్బరు బ్యాండు కోసం డబ్బాలన్నీ వెతుకుతుంటే నా చూపు నల్ల దారం మీద పడింది.

కట్టింది సరిగ్గా అక్కడే. ఎడమ కాలి పై గొట్టానికి, పట్టీ పట్టనట్టు, వేలితో తోస్తే జరిగేంత బిగువుగా. దారాన్ని కిందికి జరపనిస్తావా అని అత్తమ్మను అడిగాను. ముడి ఇప్పకుంటే సాలు అంది. దారాన్ని కింది గొట్టం మూతి దాకా దించి, హెల్మెట్ పెట్టుకుని, నీళ్ల సీసా ఉన్న సంచి వీపుకు తగిలించుకుని సైకిల్ ఎక్కాను. ఎప్పుడూ తొక్కేటట్టే, అదే బరువుతో ఎక్కాలట. సత్యం అన్న వెనక చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నాడు. పెడళ్ల మీద నిలబడి రెండు మూడుసార్లు ఊగి, కదలకుండా ఉండి, మెల్లగా దిగాను. ముగ్గురం వంగి చూశాం. దారం గోరంత కూడా జరగలేదు.

అప్పుడాయన చిన్న పంపు తీశాడు. టైర్లకు కొట్టే పంపు కాదు, బెత్తెడు పొడవు, మీద ముల్లు తిరిగే గడియారం. ఫోర్క్ కాలి మీది మూత తిప్పి పంపు బిగిస్తే ముల్లు లేచి నిలబడింది. దాన్ని చూసి తల ఊపాడు. “ఇది తొంబై కిలోల మనిషికి కొట్టిన గాలి. నువ్వెంతుంటవమ్మా?” యాభై నాలుగు అన్నాను. “అదే మరి. మీ ఆయన మస్కట్ పోయిండు గని, ఆయన బరువు దీంట్లనే ఉన్నది.”

నాకు మొదట నవ్వొచ్చింది. నెలల తరబడి నా చెయ్యే పాడైందని కుమిలిపోయాను కదా, తీరా చూస్తే చేతి తప్పు కాదు. తొంబై కిలోల మొగుణ్ని ముందు కూర్చోబెట్టుకుని తిరుగుతున్నానన్నమాట. పక్కకు చూస్తే అత్తమ్మ నవ్వడం లేదు. అరచెయ్యి తీసుకెళ్లి ఫోర్క్ కాలి మీద ఆనించింది. సత్యం అన్న పంపు పక్కనున్న చిన్న మీట నొక్కాడు, సుయ్‌మని గాలి రావడం మొదలైంది. అత్తమ్మ ఎవరినీ చూడకుండా అంది.

“మొత్తం తియ్యకు కొడుకా. జర ఉంచు.”

మొత్తం తీస్తే ఫోర్క్ కూలబడుతుంది, ఎట్లాగూ తియ్యరు, ఆ సంగతి ఆమెకు చెప్పి ఉండొచ్చు. నేనూ చెప్పలేదు, సత్యం అన్నా చెప్పలేదు. జర ఏంది, సగానికి పైనే ఉంచుత అవ్వా అన్నాడాయన.

మాట ఇచ్చాడు కానీ చెయ్యి ఆగలేదు. యాభై నాలుగుకు ఇంత సాలు, నాకు అందాజు ఉన్నది, ఫస్ట్ క్లాస్ అంటూ తీసేశాడు. ఎక్కి నిలబడగానే ఫోర్క్ గబుక్కున కిందికి పోయి నేను హ్యాండిల్ మీద బోర్లా పడబోయాను. దారం పై దాకా ఎగబాకింది. జర ఉంచుమంటిని గదా అని అత్తమ్మ ఆయన్ని మందలించింది. మళ్లీ కొంచెం కొట్టడం, ఫోర్క్‌ను పదిసార్లు కిందికీ పైకీ ఒత్తి లోపలి గాలి సర్దుకోనివ్వడం, దారం కిందికి దించడం, ఎక్కడం, దిగడం. ప్రతిసారీ అత్తమ్మ తన రెండు వేళ్లు ఆనించి, ఇంకా కావాలె, ఇగో జర ఎక్కువైంది అని తీర్పు చెప్పేది. ఆమె వేళ్లు సరిగ్గా పట్టిన చోట ఆపేశాం. సిరిసిల్లలో సాంచెల, అంటే మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని, పడుగు మరీ బిగిస్తే పోగు తెగుతుందని, మరీ వదిలితే బట్ట పడదని మా నాన్న చెప్పగా వంద సార్లు విన్నాను. ఫోర్క్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బిగువే గొప్ప అనుకున్నాను.

మిగిలింది కుడి కాలి అడుగున ఉన్న ఎర్ర బుడిపె. దాని మీద ఒక వైపు కుందేలు బొమ్మ, ఒక వైపు తాబేలు బొమ్మ. గీ కుందేలేంది, తాబేలేంది అని అత్తమ్మ అడిగింది. “కుందేలు దిక్కు తిప్పితే ఉర్కుతది అవ్వా, తాబేలు దిక్కు తిప్పితే నిమ్మలంగ అస్తది” అన్నాడు సత్యం అన్న. ఆయన చెప్పింది ఫోర్క్ గురించి. గతుకులో కిందికి దిగిన ఫోర్క్ మళ్లీ పైకి ఎంత తొందరగా లేవాలో ఆ బుడిపె చూసుకుంటుంది. మరీ తొందరగా లేస్తే హ్యాండిల్ చేతుల్లో ఎగిరెగిరి పడుతుంది, మరీ నెమ్మదిగా లేస్తే ఇంకో గతుకు వచ్చే లోపు లేవలేక దిగబడిపోయి ఉంటుంది. నడిమధ్యలో పెట్టి, చేతికి ఎట్లా ఉందో చూసి ఒక్కో టిక్కు తిప్పుకోమన్నాడు.

ఊరి బయట కాలువ గట్టు మీద పరీక్షకు వెళ్లాను. కంకర, మధ్యమధ్య ఎడ్లబండ్ల చక్రాలు చేసిన గాళ్లు. ఎప్పుడూ పళ్లు బిగబట్టి దాటే చోట ముందు చక్రం తలొంచి లేచింది, కుదుపు నా మోచేతుల దాకా రాలేదు. సంతోషం పట్టలేక గట్టు చివరిదాకా పోయి వచ్చాను. అయినా మనసులో ఒక మూల భయం ఉంది. తిమ్మిరి వచ్చేది అరగంట తర్వాత, గట్టు మీద నేను తొక్కింది అందులో సగమే. వేములవాడ నుంచి సిరిసిల్ల దాకా తొక్కుతాను, అక్కడికి వేళ్లు బాగుంటే సైకిల్ నాది, లేకపోతే అనుకున్నట్టే నరేశ్‌ది అని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. సత్యం అన్న భార్య లోపలికి పిలిచి ఉప్మా పెట్టింది, టీ ఇచ్చింది. అత్తమ్మ తొందరగా తినేసి సైకిల్ దగ్గర కూర్చుంటానని బయటికి వెళ్లింది.

కోరుట్ల నుంచి వేములవాడకు బస్సులు తక్కువ, ముందే బస్టాండులో అడిగి పెట్టుకోండి. రెండు గంటల లోపే ప్రయాణం కానీ కోతల రోజుల్లో కాస్త ఎక్కువే పడుతుంది, ఎందుకంటే సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి. డ్రైవరు మిగిలిన సగంలో ఎంతో మర్యాదగా పోనిచ్చాడు. రాజన్న దర్శనానికి ఆ రోజు గంట కూడా పట్టలేదు. గుడి బయట మెస్సులో భోజనం చేశాక అత్తమ్మను సిరిసిల్ల బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, నిమ్మలంగ రా బిడ్డా, ఉర్కకు అని రెండుసార్లు చెప్పింది. మామూలు జాగ్రత్తే అనుకున్నాను.

వేములవాడ నుంచి సిరిసిల్ల పన్నెండు కిలోమీటర్ల చిల్లర. పెద్ద రోడ్డు మీద బస్సులూ లారీలూ ఎక్కువ, సైకిల్ మీద వెళ్లేవాళ్లు ఊళ్ల లోపలి రోడ్లు వెతుక్కుంటే మంచిది. కాస్త దూరం ఎక్కువైనా మధ్య మానేరు నీళ్లు కనిపిస్తూ ఉంటాయి. అయితే పైపుల కోసం తవ్వి పూడ్చిన చోట్లు వరసగా వస్తాయి. మొదట్లో బాగానే ఉంది. ఆ గతుకుల వరస మొదలయ్యాక ఏమైందో, పొద్దున గట్టు మీద ఉన్న సుఖం లేదు. మొదటి గతుకు మింగుతుంది, రెండోదీ సగం మింగుతుంది, ఆ తర్వాతవన్నీ నేరుగా చేతికే. సగం దారి రాకముందే చిటికెన వేలు తిమ్మిరి పట్టింది.

సైకిల్ ఆపి రోడ్డు పక్కన కూర్చున్నాను. ఏడుపొచ్చింది, దాచుకోవడం దేనికి, ఏడ్చాను కూడా. పొద్దుటి నుంచి ముగ్గురు మనుషులు పడిన పాటు అంతా వట్టిదే, గాలిది తప్పు కాదు, చేతిదే అనుకున్నాను. ఆటో తీసుకుని రమ్మని నరేశ్‌కు ఫోన్ చేద్దామని నంబరు తీశాను. నొక్కబోతూ ఎందుకో ఫోర్క్ వైపు చూశాను. నల్ల దారం దాదాపు పై చివర దాకా పోయి ఉంది. అంత పెద్ద గతుకులు కావే అవి, అన్నీ చిన్నవే. పొద్దున గట్టు మీద ఇంతకన్నా పెద్దవి దాటినా దారం సగానికి కాస్త పైన ఆగింది. చిన్న గతుకులకు అంత లోతు దిగిందంటే, దిగింది దిగినట్టే ఉండి మళ్లీ లేవడం లేదన్నమాట. సత్యం అన్న చెప్పింది గుర్తొచ్చి వంగి ఎర్ర బుడిపె చూశాను.

తాబేలు వైపు చివరిదాకా తిప్పి ఉంది.

ఉర్కకు బిడ్డా అన్న మాట అప్పుడు తలకెక్కింది. ఉప్మా తిని తొందరగా బయటికి వెళ్లింది ఇందుకన్నమాట. కోడలు కుందేలులాగా ఉరికి ఎక్కడ పడుతుందోనని, విరిగిన చెయ్యి మళ్లీ ఎక్కడ విరుగుతుందోనని, సైకిల్‌ను తాబేలు చేసి పంపింది మహాతల్లి. కళ్లలో నీళ్లు ఆరకుండానే పకపకా నవ్వాను. వడ్లు తిరగేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు నన్ను చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బుడిపెను కుందేలు వైపు ఒక్కో టిక్కు తిప్పుతూ మధ్యకు తెచ్చాను, ఇంకో టిక్కు ఎక్కువే తిప్పాను. దారాన్ని కిందికి దించాను. వేలు మామూలు అయ్యేదాకా చెయ్యి విదిలిస్తూ కూర్చుని, మళ్లీ ఎక్కాను.

ఈసారి గతుకుల వరస మీద చక్రం దిగుతూ లేస్తూ, దిగుతూ లేస్తూ పోయింది. హ్యాండిల్ నా చేతిలో ఉంది, నా చెయ్యి నాకు తెలుస్తోంది. అరగంట గడిచింది. తిమ్మిరి కోసం ఎదురుచూసి చూసి, ఒక చోట నీళ్ల మీద కొంగలను చూస్తూ దాని సంగతే మరిచిపోయాను. సిరిసిల్ల పొలిమేరలో సాంచెల చప్పుడు వినిపించినప్పుడు మళ్లీ గుర్తొచ్చి, అయిదు వేళ్లూ ముడిచి విప్పి చూసుకున్నాను. అన్నీ నావే.

ఇంటి ముందు అమ్మా అత్తమ్మా అరుగు మీద కూర్చుని బియ్యప్పిండితో కాల్చిన సర్వప్ప తింటున్నారు. నరేశ్ సాంచెల షెడ్డులో పడుగు చుట్టిన భీముల పక్కన సైకిల్ కోసం చోటు ఊడ్చి పెట్టాడు. వాణ్ని చూస్తే పాపం అనిపించింది. ఇస్తలేను రా అన్నాను. వాడు చేతులు దులుపుకుంటూ నవ్వాడు. “నువ్వు తొక్కుకుంట అచ్చినప్పుడే తెల్సిందక్కా. ఇచ్చేటోళ్లు ఆటోల తెస్తరు.” అత్తమ్మ మాత్రం నావైపు చూడకుండా సర్వప్ప ముక్కతో ఆడుకుంటోంది. తాబేలు సంగతి ఏందత్తమ్మా అని అడిగితే, మంచిగనే అచ్చినవ్ గదా అంది. ఆ బుడిపె సంగతి విడమరిచి చెప్పాను. అంతా విని, దారం ఎంత పైకి పోయిందో చూపించమంది. చూసి, దిష్టంతా పైకే పోయింది మరి అని తృప్తిగా తల ఊపింది.

ఆ సాయంత్రం మస్కట్ నుంచి వీడియో కాల్ వచ్చింది. ఫోన్ అత్తమ్మే అందుకుంది. “కొడుకా, నీ గాలి తీసినం రా” అంది, హలో కూడా అనకుండా. ఆయన బిత్తరపోయాడు. ఏం తప్పు చేశానే అని నన్నడిగాడు. దారం, స్టిక్కర్, సత్యం అన్న, తాబేలు అన్నీ వరసగా చెప్పాను. ఎంత తీసిండ్రు అన్నాడు. సగం లోపే, అత్తమ్మ జర ఉంచుమన్నది అన్నాను. ఆయన వెనక గదిలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు.

“మరి నేనస్తే ఎట్ల?”

“అచ్చినప్పుడు నీ గాలి నువ్వు కొట్టుకో. పోయేటప్పుడు నేను తీసుకుంట.”

“పోకుంటే?”

అత్తమ్మ ఫోన్‌ను ఇంకా దగ్గరికి పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నోటికొచ్చింది అనేశాను. పోకుంటే ఇంకో సైకిల్ కొనాలె అన్నాను. కొందాం తియ్యి అన్నాడు.

మర్నాడు నేనూ అత్తమ్మా సైకిల్‌తో సహా జగిత్యాల తిరిగొచ్చాం. ఇప్పుడు పొద్దున్నే మళ్లీ సారంగాపూర్ రోడ్డు మీద ఉంటున్నాను. రెండో సైకిల్ వస్తుందో రాదో నాకు తెలియదు. అడిగిన మనిషి అడిగాడు, అది చాలు ప్రస్తుతానికి. చెయ్యి పాడైందని ఎవరైనా అంటే, బండి ఎవరి బరువుకు సరిచేసి ఉందో ముందు చూసుకోవాలని నాకు అర్థమైంది. మీరూ ఇంకొకరి సైకిల్ తొక్కుతుంటే, బయల్దేరే ముందు ఫోర్క్ పై గొట్టానికి ఒక దారం కట్టండి. కిందిదాకా దించి, సంచీ హెల్మెట్‌తో ఎక్కి నిలబడి, మెల్లగా దిగి చూడండి. గొట్టంలో నాలుగో వంతుకు కాస్త తక్కువ జరిగితే అది మీ గాలే, గోరంత కూడా జరగకపోతే అది ఇంకెవరిదో. దారం ఇంట్లో పెద్దవాళ్ల చేత కట్టించుకుంటే ముడి జారదు, కుందేలూ తాబేలూ సంగతి మాత్రం వాళ్లకు ముందే చెప్పిపెట్టండి.